అబ్బాయి మీద కేసుందట!



మన ఇళ్ళల్లో సంబంధం వచ్చిందంటే ముందు మొదలయ్యేది వాకబు. అబ్బాయి ఆఫీసులో మనకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా, వాళ్ళ వీధిలో మనవాళ్ళెవరైనా అద్దెకుంటున్నారా, తాగుతాడా, అప్పులున్నాయా, అత్తగారి నోరు ఎలాంటిది, ఇవన్నీ ఆరా తీస్తాం. పొలం పాస్‌బుక్కు చూస్తాం. జీతం స్లిప్పు అడుగుతాం. జాతకం రెండు చోట్ల చూపిస్తాం. ఇంత చేసీ ఒక్క ప్రశ్న మాత్రం నోట్లోంచి రాదు. "బాబూ, నీ మీద ఎప్పుడైనా కేసైందా?" అడిగితే అవతలివాళ్ళు లేచి చక్కా పోతారని భయం. అందుకని అడగం. మూడో మనిషి ద్వారా వింటాం. అదీ ఎప్పుడు? తాంబూలాలు పుచ్చుకుని, శుభలేఖలు ప్రెస్సుకి వెళ్ళాక.

ప్రేమించుకున్నవాళ్ళ సంగతి ఇంకో రకం. ఏడాదిపాటు కలిసి తిరుగుతారు. ఒకరి ఫోను పాస్‌వర్డు ఒకరికి తెలుసు. ఒకనాడు ఎవరో స్నేహితుడు నోరు జారతాడు. "వాడు లోపలికెళ్ళొచ్చాడు కదా, నీకు చెప్పలేదా?" అంటాడు. ఇక ఆ రాత్రి ఆ పిల్లకి నిద్రుండదు. ఇంట్లో చెప్పుకోలేదు, అతన్ని అడగలేదు.

నేను వకీలుని. క్రిమినల్ కోర్టు వరండాలోనూ ఫ్యామిలీ కోర్టు వరండాలోనూ తిరిగేదాన్ని కాబట్టి ఈ విషయం నా దగ్గరకి రెండు దిక్కుల నుంచీ వస్తుంది. "కేసున్నవాణ్ణి చేసుకోవచ్చా అండీ?" అని అమ్మాయిలు అడుగుతారు. "నా కేసు సంగతి ఆ అమ్మాయికి చెప్పాలా అండీ?" అని అబ్బాయిలు అడుగుతారు. ఈ రెండింటి గురించే ఇవాళ నాలుగు మాటలు చెబుతాను.

ముందు, కేసు అంటే ఏమిటో చూద్దాం. మన లెక్కలో ఎఫ్ఐఆర్‌లో పేరెక్కినవాడూ, రిమాండుకి వెళ్ళినవాడూ, శిక్షపడ్డవాడూ అందరూ ఒకటే. జైలుకెళ్ళొచ్చినవాళ్ళు, అంతే. కానీ జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క చూస్తే, 2022 చివరికి దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉన్నారు. అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నేరం రుజువు కాకుండా లోపల ఉన్నవాళ్ళు నూటికి డెబ్భై ఐదు మంది పైనే. బెయిలు రాక కొందరు, బెయిలొచ్చినా జామీను నిలబడేవాళ్ళు లేక కొందరు. జైలు గేటు దాటి వచ్చాడన్న ఒక్క ముక్కని బట్టి మనిషి ఏం చేశాడో తెలియదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. "కేసు కొట్టేశారండీ" అంటారు అబ్బాయి తరఫువాళ్ళు. అనగానే అమ్మాయి తండ్రి ఊపిరి పీల్చుకుంటాడు. అక్కడ ఆగకండి. ఎలా కొట్టేశారో అడగండి. పోలీసులే దర్యాప్తు చేసి ఇది తప్పుడు కేసని మూసేశారా? విచారణ పూర్తిగా జరిగి నేరం రుజువు కాలేదా? సాక్షులు బోనెక్కి ఎదురుతిరిగారా? లోక్ అదాలత్‌లో రాజీపడ్డారా? హైకోర్టులో కొట్టించుకున్నారా? ఊళ్ళో దొమ్మీ జరిగితే ఆ రోజు ఊళ్ళోనే లేని కుర్రాడి పేరు కూడా ఇరికిస్తారు. వాడు ఐదేళ్ళు వాయిదాలకి తిరిగి బయటపడితే అదీ కొట్టేసిన కేసే. పెళ్ళాన్ని చితకబాది, పెద్దమనుషుల్లో కూర్చుని, డబ్బిచ్చి రాజీ చేసుకుంటే అదీ కొట్టేసిన కేసే. రెండింటికీ కాగితం మీద ఫలితం దాదాపు ఒకేలా కనిపిస్తుంది.

ఇదివరకు ఇవి తెలుసుకోవాలంటే స్టేషన్లో తెలిసిన కానిస్టేబులు ఉండాలి. ఇప్పుడు ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో జిల్లా, కోర్టు, సంవత్సరం ఎంచుకుని పేరు కొడితే కేసు ఏ స్థితిలో ఉందో కనిపిస్తుంది. చాలా తీర్పులు కూడా అందులోనే దొరుకుతాయి. ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లోగా వెబ్‌సైటులో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది. ఆడవాళ్ళ మీద, పిల్లల మీద జరిగిన నేరాల్లాంటి సున్నితమైనవాటికి మినహాయింపు ఉంది. ఇంత సదుపాయం వచ్చినందుకు సంతోషమే గానీ దీనివల్ల కొత్త తలనొప్పి ఒకటి పుట్టింది. గుంటూరు జిల్లాలో వెంకటేశ్వరరావు అని కొట్టి చూడండి, సగం జిల్లా నిందితులే అనిపిస్తుంది. ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు మూడూ కలిస్తే తప్ప ఎవరినీ అనుమానించకండి. ఒకే ఇంటిపేరున్న అన్నదమ్ముల పిల్లలిద్దరికీ తాత పేరే పెట్టే కుటుంబాలు మనవి. ఎవడి కేసో ఎవడికో అంటగట్టి సంబంధం చెడగొట్టిన మధ్యవర్తులు నాకు తెలుసు.

ఆమధ్య ఒక మేనమామా మేనకోడలూ మా ఆఫీసుకి వచ్చారు. ఆయన చేతిలో ఫోను, ఫోనులో స్క్రీన్‌షాట్. కోర్టు కేసు నంబరు, నిందితుడి స్థానంలో పెళ్ళికొడుకు కాబోయే అబ్బాయి పేరు, దొంగతనం సెక్షను. ఆయన కూర్చోకుండానే మొదలెట్టాడు. "చూడండి లాయరమ్మగారూ, బండ్ల దొంగట! మా అక్క బతికుంటే గుండాగి చచ్చేది." ఆ అమ్మాయి తొణకలేదు, బెణకలేదు. "నాకు తెలుసు మావయ్యా. రెండోసారి కలిసినప్పుడే చెప్పాడు. ఆ నంబరు కూడా తనే రాసిచ్చాడు" అంది. మావయ్య అప్పుడు కూర్చున్నాడు.

అబ్బాయిని పిలిపించాను. ఏసీలు బాగుచేస్తాడు. చేతులు శుభ్రంగా కడుక్కొచ్చాడు గానీ గోళ్ళ అంచుల్లో నలుపు పోలేదు. ఇరవై ఏళ్ళ వయసులో ఇద్దరు స్నేహితులతో కలిసి బండి ఎత్తాడు, దొరికాడు. జామీను నిలబడేవాళ్ళు లేక రెండు నెలలు సబ్‌జైల్లో ఉన్నాడు. నేరం ఒప్పుకుంటే లోపలున్న రోజులకే శిక్ష సరిపెడతారని ఎవరో చెబితే ఒప్పేసుకున్నాడు. పేదవాళ్ళ కేసుల్లో ఇది తరచూ చూస్తాం. పోరాడితే ఏళ్ళు పడుతుంది, ఒప్పుకుంటే సాయంత్రానికి ఇల్లు చేరతారు. ఆ ఒప్పుకోలు మాత్రం జన్మంతా వెంటొస్తుంది.

నేను అతన్ని ఒక్కటే అడిగాను. "ఎవరి బండది?"

"పాలు పోసే ఆయనదండీ. స్ప్లెండరు. వెనకాల క్యాన్లు తగిలించే ఇనప చట్రం ఉంటుంది కదండీ, గుర్తుపట్టకుండా అది కోసి పారేశాం. బండి దొరికినా కోర్టు నుంచి విడిపించుకునేసరికి ఆయనకి చాన్నాళ్ళు పట్టింది. అన్నాళ్ళూ సైకిలు మీదే పోశాడండీ. బయటికొచ్చాక ఆ చట్రం డబ్బులు తీసుకెళ్ళి ఇచ్చాను. ముందు తిట్టాడు, పొమ్మన్నాడు. మళ్ళీ వెళ్తే తీసుకున్నాడు."

చేసుకోమని నేను ఆ అమ్మాయికి చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. అది నా పని కాదు. మావయ్యతో మాత్రం ఒక మాట అన్నాను. "ఈ కుర్రాడు చెప్పిన కథలో పాలాయన ఉన్నాడండీ, గమనించారా?" అని.

నా దగ్గరకి వచ్చే చాలామంది కథల్లో అవతలి మనిషి కనిపించడు. కేసుంటుంది, పోలీసులుంటారు, చెడిపోయిన స్నేహితులుంటారు, డబ్బు తిన్న వకీలుంటాడు, కాలం కలిసిరాకపోవడం ఉంటుంది. దెబ్బ తిన్నవాడు ఉండడు. అందుకే పాత కేసు గురించి అడిగేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. అతను ఏం చేశాడో వినండి, ఎవరికి చేశాడో వినండి, ఆ రెండోది అతని నోటితో అతనే చెబుతున్నాడో లేదో వినండి.

ఇంకో రకం కూడా వింటే తేడా తెలుస్తుంది. ఒకాయన ఇలా చెప్పుకొచ్చాడు. "మొదటి భార్య కేసు పెట్టిందండీ. దానికి నోరెక్కువ. ఒక్క దెబ్బ వేశాను, దానికే స్టేషనుకెళ్ళింది. వాళ్ళ నాన్న డబ్బు కోసం ఆడించిన నాటకం అదంతా." తప్పుడు కేసులు లేవని నేననను. ఉన్నాయి, అలాంటివాటిలో మగవాళ్ళ తరఫున నేనూ వాదించాను. కానీ ఆ మనిషి విషయంలో మాత్రం ఆమె ముంజేయి విరిగిన సంగతి ఆసుపత్రి కాగితంలో ఉంది, అతని కథలో లేదు. భార్యను హింసించినవాళ్ళ మీద పెట్టే ఐపీసీ 498ఏ అన్నది 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షను అయింది. నంబరు మారినా జనం నోట ఇంకా పాత పేరే. రెండో పెళ్ళి సంబంధాల్లో ఆ కేసు వివరాలు, విడాకుల తీర్పు కాపీ తెప్పించుకుని చదవండి. తీర్పు చదవడం రాకపోతే చదివి చెప్పేవాళ్ళ దగ్గరకి వెళ్ళండి. బండి దొంగతనం చేసినవాడు పెళ్ళాం బండి ఎత్తుకుపోతాడని భయపడక్కర్లేదు. పెళ్ళాన్ని కొట్టినవాడి ఇంటికి రెండో పెళ్ళాంగా వెళ్ళేవాళ్ళు మాత్రం భయపడాలి. రెండు నేరాలనూ ఒకే గాటన కట్టడం మన వాకబులో ఉన్న పెద్ద లోపం.

ఇలా కొట్టే చరిత్ర ఉన్నవాళ్ళ సంగతి ముందే తెలుసుకోవడానికి ఇంగ్లండులో ఒక ఏర్పాటు చేసుకున్నారు. గ్రేటర్ మాంచెస్టర్‌లోని సాల్ఫర్డ్‌లో క్లేర్ వుడ్ అనే ఆమెను 2009లో ఆమె మాజీ ప్రియుడు చంపేశాడు. ఫేస్‌బుక్కులో పరిచయమైనవాడు. అంతకుముందే వేరే ఆడవాళ్ళను హింసించిన చరిత్ర అతనికి ఉందని పోలీసుల దగ్గర కాగితాలున్నాయి, ఆమెకి తెలియదు. ఆమె తండ్రి పోరాడాడు. 2014 మార్చి నుంచి ఇంగ్లండు, వేల్స్ అంతటా ఒక పథకం అమల్లోకి వచ్చింది. జనం దాన్ని క్లేర్ చట్టం అంటారు. "నేను కలిసి ఉంటున్న మనిషికి హింస చేసిన చరిత్ర ఉందా?" అని ఎవరైనా పోలీసులను అడగవచ్చు. ప్రమాదం ఉందనిపిస్తే పోలీసులే పిలిచి చెప్పవచ్చు కూడా. అయితే అడిగిన ప్రతివాళ్ళకీ అంతా చెప్పేయరు. ప్రమాదం ఎంతుందో తూచి, కాపాడుకోవలసిన మనిషికి మాత్రమే చెబుతారు. ఆ సమాచారం ఊరంతా చాటకూడదన్న షరతూ పెడతారు. ఆ షరతు నాకు నచ్చింది. తెలుసుకునే హక్కు వేరు, ఒకరి పాత బతుకుని వాట్సాప్ గ్రూపుల్లో ఊరేగించడం వేరు.

అమెరికా సంబంధాల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాల్లో వాటికి ఉన్న మోజు అలాంటిది. అక్కడి పౌరుడు కాబోయే భార్యని ఫియాన్సీ వీసా మీద తీసుకెళ్ళాలంటే, 2006లో అమల్లోకి వచ్చిన ఒక చట్టం ప్రకారం, గృహహింస, లైంగిక దాడి, వెంటపడి వేధించడం లాంటి నేరాల్లో తనకు శిక్షపడి ఉంటే దరఖాస్తులో రాయాలి. ఆ వివరాలు ప్రభుత్వమే అమ్మాయికి అందజేస్తుంది. వినడానికి బాగుంది. కానీ మన పెళ్ళిళ్ళలో ఎక్కువ భాగం ఆ దారిన జరగవు. అబ్బాయి హెచ్1బీ మీద ఉంటాడు, ఇక్కడికొచ్చి తాళి కట్టి హెచ్4 మీద తీసుకెళ్తాడు. ఆ దారిలో అమ్మాయికి ఎవరూ ఏ కాగితమూ ఇవ్వరు. తాగి కారు నడిపి పట్టుబడినా వీసా పోయే ప్రమాదం ఉన్న దేశం అది. కాబట్టి జీతం ఎన్ని డాలర్లో అడిగిన నోటితోనే "అక్కడ ఎప్పుడైనా అరెస్టయ్యావా బాబూ?" అని కూడా అడగండి. తప్పేం కాదు.

మన చట్టం సంగతికి వద్దాం. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారని మనవాళ్ళకి మహా ధీమా. హిందూ వివాహ చట్టం 12వ సెక్షను ఆ సామెతని ఒప్పుకోదు. పెళ్ళికొడుకు గురించిగానీ పెళ్ళికూతురు గురించిగానీ ముఖ్యమైన విషయాన్ని మోసంతో దాచి ఒప్పించి ఉంటే ఆ పెళ్ళిని రద్దు చెయ్యమని కోర్టుకి వెళ్ళవచ్చు. దాచిన విషయం ముఖ్యమైనదా కాదా అన్నది ఏ కేసుకా కేసు కోర్టు తేలుస్తుంది. ఇందులో గడువొకటి ఉంది, దాన్ని చాలామంది దాటిపోనిస్తారు. మోసం బయటపడ్డాక ఏడాదిలోగా వెళ్ళాలి. తెలిసిన తర్వాత కూడా ఇష్టపూర్వకంగా కాపురం చేస్తే ఆ దారి మూసుకుపోతుంది. "సర్దుకో అమ్మా, అన్నీ సర్దుకుంటాయి" అని పుట్టింటివాళ్ళు నచ్చజెప్పేలోగా ఆ ఏడాది అయిపోతుంది.

చెప్పక్కర్లేని సందర్భాలు కూడా ఉన్నాయి. పద్దెనిమిది ఏళ్ళు నిండకముందు చేసిన తప్పుకి, బాలల న్యాయ చట్టం ప్రకారం, కొన్ని ఘోరమైన నేరాలు తప్పిస్తే, ఆ మచ్చ ముందు జీవితానికి అంటకూడదు. రికార్డులు కూడా చెరిపేయాలి. చిన్న నేరాల్లో జైలుకి పంపకుండా మంచి ప్రవర్తన మీద వదిలిపెట్టే ప్రొబేషన్ చట్టం 1958 నుంచీ ఉంది. మనిషి మారతాడన్న నమ్మకం మన శాసనాల్లో ఉంది. మన పెళ్ళిచూపుల్లోనే లేదు.

లేదనడం కూడా సరికాదేమో. డబ్బున్నచోట బాగానే ఉంది. ఎన్నికల్లో నిలబడేవాడు తన మీదున్న కేసులన్నీ అఫిడవిట్‌లో రాసివ్వాలి. 2018లో సుప్రీంకోర్టు చెప్పినప్పటి నుంచి పత్రికల్లోనూ ప్రకటించాలి. కాబట్టి ఏ నాయకుడి మీద ఎన్ని కేసులున్నాయో ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ ఇంటి సంబంధం వస్తే కాదన్నవాళ్ళని నేనింకా చూడలేదు. పాలాయన బండి ఎత్తుకెళ్ళిన కుర్రాడికి మాత్రం పిల్లనివ్వం.

వీళ్ళు కాక, ఏ నేరమూ చెయ్యకుండానే పుట్టుకతో ముద్రపడ్డవాళ్ళున్నారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం తీసుకోండి. 1871లో బ్రిటిషువాళ్ళు నేరస్థ తెగల చట్టం చేసి కొన్ని కులాలకి కులాలనే దొంగలుగా రాసేశారు. 1913, 14 ప్రాంతాల్లో ఎరుకల కుటుంబాలని తెచ్చి అక్కడ సెటిల్‌మెంటు పెట్టారు, సాల్వేషన్ ఆర్మీ వాళ్ళకి అప్పగించారు. హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే చీటీ ఉండాలి. 1952లో ఆ చట్టం పోయింది. ఊరి మీద ముద్ర పోలేదు. 1970ల్లో హేమలతా లవణం, లవణం దంపతులు అక్కడికి వెళ్ళి, నేరం మానేసినవాళ్ళ పక్షాన నిలబడ్డారు. ఆవిడ కవి జాషువా గారి కూతురు, ఆయన నాస్తికవాది గోరా గారి కొడుకు. ఆ ఊరి దొంగల మీద సినిమాలు వచ్చాయి. ఆ ఊళ్ళో చదువుకుని ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లలకి పెళ్ళిచూపుల్లో "మీదే ఊరు?" అన్న ప్రశ్న ఎంత బరువో ఆ సినిమాల్లో కనిపించదు.

మనిషి మారడం గురించి మాట్లాడితే ఎవరో ఒకరు వాల్మీకి కథ ఎత్తుతారు. ఆ కథలో నాకు నచ్చేది బోయవాడి భార్య. నా పాపంలో భాగం పంచుకుంటావా అంటే ఆవిడ కచ్చితంగా పంచుకోనంది. అలా అన్నందుకే అతనికి కళ్ళు తెరుచుకున్నాయి. మనం దాన్ని తిరగేశాం. పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదని సామెత ఒకటి పెట్టుకుని, దారితప్పినవాణ్ణి దారిలో పెట్టే బాధ్యత ఒక ఆడపిల్ల మెడకి చుడతాం. "పెళ్ళయితే వాడే మారతాడులే" అన్న మాట వినిపించిన చోట ఆ సంబంధం ఖాయం చేసుకోకండి. అప్పటికే మారినవాడైతే వేరే సంగతి. మార్చుకుందామని మాత్రం వెళ్ళకండి.

ఇప్పటిదాకా అబ్బాయి, అబ్బాయి అంటున్నాను. అమ్మాయి మీద కేసుంటే? దేశం మొత్తం ఖైదీల్లో ఆడవాళ్ళు నూటికి నలుగురు. జైలు దగ్గర ములాఖత్ వరసలో నిలబడి చూడండి. భర్త కోసం, కొడుకు కోసం, తమ్ముడి కోసం ఆడవాళ్ళు బిస్కెట్ ప్యాకెట్లు, ఉతికిన లుంగీ సంచిలో పెట్టుకుని పొద్దుటి నుంచీ కూర్చుని ఉంటారు. ఆడఖైదీల వైపు వచ్చేది ఎక్కువగా తల్లో అక్కచెల్లెళ్ళో. మొగుళ్ళు తక్కువ. విడుదలయ్యే నాటికి కొందరి ఇళ్ళల్లో వేరే ఆవిడ వచ్చేసి ఉంటుంది. చిట్టీ మోసం కేసులో మొగుడి బదులు సంతకం పెట్టి లోపలికి వెళ్ళిన ఆవిడ ఒకరు నాకు తెలుసు. బయటికొచ్చి టిఫిను బండి పెట్టుకుంది. ఆవిడని ఇష్టపడిన మనిషికి మొదటి వారంలోనే అంతా చెప్పేసింది. "నాకు తెలుసులే, నువ్వు చెప్తావో చెప్పవో చూద్దామని ఊరుకున్నా" అన్నాడట. ఆ ఊరుకోవడం ఆవిడకి నచ్చలేదు. పరీక్ష పెట్టడానికి నేనేమైనా స్కూలు పిల్లనా అని అడిగిందట. ఆ ప్రశ్న సబబే.

చెప్పాలా వద్దా అని అడిగే అబ్బాయిలకీ అమ్మాయిలకీ నా జవాబు: చెప్పాలి. మొదటి కాఫీకే అక్కర్లేదు. మనసు ఇచ్చిపుచ్చుకునే ముందు, తాంబూలాలకి చాలా ముందు, చేసుకోబోయే మనిషికి స్వయంగా చెప్పాలి. మధ్యవర్తి చేత చెప్పించకండి, కబురు మారిపోతుంది. కేసు నంబరుతో సహా ఇవ్వండి. పిన్నమ్మలకీ బాబాయిలకీ చెప్పనక్కర్లేదు. ఆ నిర్ణయం ఇద్దరూ కలిసి చేసుకోండి. విన్నవాళ్ళు కాదంటే కాదన్నట్టే. "ఇంత నిజాయితీగా చెప్పాను కదా" అని వెంటపడే హక్కు దానివల్ల రాదు.

సరేనని చేసుకునేవాళ్ళు మాత్రం ఒకటి అడిగి తెలుసుకోండి. స్టేషన్లో రౌడీషీటుగానీ సస్పెక్టు షీటుగానీ ఇంకా తెరిచి ఉందా అని. కేసులు పోయినా కొన్నిసార్లు షీటు అలాగే ఉంటుంది. అలా ఉంటే ఎన్నికలొచ్చినప్పుడు, వినాయక నిమజ్జనానికి ముందు, కానిస్టేబులు గుమ్మంలోకి వస్తాడు. తహసీల్దారు ముందు బైండోవర్ చేస్తారు, పూచీకత్తు రాయించుకుంటారు. కొత్త కోడలు తలుపు తీసి ఖాకీ చొక్కా చూసి బెదిరిపోవడం, పక్కింటివాళ్ళు మేడ మీంచి తొంగిచూడటం, ఇవన్నీ ముందే తెలిసి ఉంటే ఒక రకం, తెలియకపోతే ఇంకో రకం. ఏళ్ళ తరబడి ఏ గొడవా లేనివాళ్ళు షీటు మూసెయ్యమని పోలీసు అధికారులకి అర్జీ పెట్టుకోవచ్చు, వినకపోతే హైకోర్టుకి వెళ్ళవచ్చు. పెళ్ళి పనులు మొదలయ్యేలోగా ఆ అర్జీ పెట్టేసి, దాని నకలు మీద స్టేషను ముద్ర వేయించుకుని దగ్గర పెట్టుకోండి.